ఆరు ముడుల గొట్టం

సంచి అడుగున జొన్నపిండి మూట పెట్టాను. దాని మీద ఉప్పు, ఎండుమిరపకాయలు, బెల్లం. పక్కన గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర, మోకాళ్ల నొప్పికి మాత్రలు, టార్చిలైటు. చివరికి ఒక బిస్కెట్ డబ్బా మిగిలింది. అందులో ఆరు ప్లాస్టిక్ గొట్టాలున్నాయి. ఎక్కడ పెట్టాలో తోచక డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

“గీడనే పెట్టు, పిండి పక్కకు,” అన్నాడు కురుమయ్య గొంగడి దులుపుకుంటూ. “తినేది గా సంచిలనే, దొడ్డికి పోయింది గా సంచిలనే. మీ డాక్టరమ్మకు తెలివి బాగుంది.”

“కొత్త డబ్బా అది. గొట్టాల మూతలు గట్టిగున్నయి.”

“మూతలు గట్టిగుంటె ఏం ఫాయిదా, నా కడుపు గట్టిగుండాలె గద.”

నాకు నవ్వు రాలేదు. ముగ్గురు పిల్లల్ని కని ముగ్గురినీ మట్టికి అప్పగించినదాన్ని. ఇంట్లో నుంచి ఎవరు గడప దాటినా నాకు ఒకటే భయం.

అది 2019, మాఘ పున్నమి మరునాడు. మేము కురుమలం. దేవరకద్ర అవతల బోడగుట్టపల్లి మా ఊరు. శీతకాలం వెళ్లేసరికి మా దిక్కు గడ్డి ఎండిపోతుంది. మగవాళ్లు మందలు తోలుకుని నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది పొలాలకు పోతారు. కోసిన మళ్లలో రాత్రిపూట గొర్రెల్ని ఆపితే ఎరువు పడుతుందని అక్కడి రైతులు పిలుస్తారు. తొలకరి పడితే తిరిగి వస్తారు. ఆయన నలభై ఏళ్లు అట్లా పోయి వచ్చాడు.

గొట్టాల సంగతి చెప్పాలి. అంతకు ముందు ఎండాకాలం షాద్‌నగర్ దాటినాక ఉన్న ఒక ల్యాబ్ నుంచి హరిత అనే అమ్మాయి మా ఊరికి వచ్చింది. మా ఆయన డాక్టరమ్మ అన్నది ఆమెనే. మనిషి పేగుల్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయని, వాటి జన్యువులు చదివితే ఒంటి ఆరోగ్యం సంగతి చాలా తెలుస్తుందని చెప్పింది. ఊర్లోనే ఉండేవాళ్ల కడుపు వేరు, మంద వెంట నాలుగు నెలలు నడిచేవాళ్ల కడుపు వేరు, ఆ తేడా తమకు కావాలన్నది. నలభై ముగ్గురం ఒప్పుకున్నాం. అందులో మంద వెంట పోయేవాళ్లు ఎనిమిది మంది. వాళ్లు పదిహేను రోజులకొకసారి ఒక గొట్టం నింపి, ముందే చిరునామా అచ్చేసిన కవరులో పెట్టి, దగ్గరలో ఉన్న పోస్టులో వేయాలి.

“మా దగ్గర మనిషి చెయ్యే తగలదు అవ్వా,” అని హరిత గొప్పగా చెప్పింది. “గొట్టం మీది చారల స్టిక్కరు మిషనే చదువుతది. మిషనే ఎత్తుతది, మిషనే పోస్తది. మీరేం తిన్నరు, ఏడున్నరు, వయసెంత, అన్నీ కంప్యూటర్ల ఒక్క మనిషికి ఒక్క వరుసల వచ్చి కలుస్తయి. తప్పు పోయే సందు లేదు.”

ఆమె ఇచ్చిన ఒప్పంద పత్రం ఎనిమిది పేజీలు. నేను బడికి పోలేదు. కిరాణా పొట్లాల కాగితాలు విప్పి అక్షరాలు పట్టుకున్నదాన్ని కాబట్టి ఏ కాగితమైనా చివరిదాకా చదువుతాను. రెండు రోజులు మా అరుగు మీద కూర్చుని ఎనిమిది పేజీలూ అందరికీ చదివి వినిపించాను. పదకొండో అంశం చదివినప్పుడు అందరూ నవ్వారు. ‘పాల్గొనేవారు ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా, తమ నమూనాలను, వివరాలను వెనక్కి తీసుకోవచ్చు’ అని ఉంది. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుని ఏం చేసుకుంటామని నాకు తమ్ముడి వరుసయ్యే గురవయ్య అడిగాడు.

ఇబ్బంది ఒకటే. గొట్టాలు వరుస తప్పకుండా వాడాలి. కురుమయ్యకు అంకెలు రావు. చారల స్టిక్కర్లన్నీ ఆయన కంటికి ఒకటే. మాకు లెక్క అంటే ముడి. ఎన్ని పిల్లలు ఈనాయో, ఎన్ని చచ్చాయో బొచ్చు తాడుకు ముడులు వేసి పెట్టుకుంటాం. అందుకని నేను గొర్రెబొచ్చు నల్లదారం తీసి గొట్టాల మూతల కింద కట్టాను. మొదటిదానికి ఒక ముడి, రెండోదానికి రెండు, అట్లా ఆరోదానికి ఆరు. కురుమయ్య వేలితో తడిమి చూసి తల ఊపాడు.

“పోయొస్త,” అన్నాడు.

మలుపు దాటేదాకా చూసి లోపలికి వచ్చాను.

గొట్టం పోస్టు చేసినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. “నీ రెండు ముడులది పోయింది.” “మూడు ముడులది పోయింది.” అంతకన్నా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఐదు ముడులది పోయిందని మే నెల మొదట్లో చెప్పాడు. ఆరోదాని ఫోన్ రాలేదు.

మే ఇరవైన గురవయ్య ఫోన్ చేశాడు. ఆ ఏడు ఇద్దరి మందలూ ఒకచోటే ఉన్నాయి.

“అక్కా, బావ ఇంటికొచ్చిండా?”

“లేదు. ఏమైంది?”

“శనివారం పొద్దున సంచేసుకుని సాగర్ పోతున్న అన్నడు. మల్ల రాలే. ఇంటి మీదికి మనసు గుంజి బస్సెక్కిండేమో అనుకున్న.”

మంద ఆగిన హాలియాకు పోయాను. అక్కడి నుంచి సాగర్ ఊరైన నందికొండ దాకా గురవయ్యా నేనూ కాలువ గట్టు పట్టుకుని పదకొండు రోజులు తిరిగాం. పోలీసులకు రాసి ఇచ్చాం. బస్టాండ్లలో, దవాఖానల్లో ఫోటో చూపించాం. తొలకరి పడింది. గొర్రెలు గురవయ్య వెంట తిరిగి వచ్చాయి.

వానాకాలం నడుస్తుండగా మాట పుట్టింది. హాలియా దగ్గర ఎవరో ఒకామె ఉన్నదట, ఆయన అక్కడే తింటుండెనట, మంద దగ్గర పడుకోనే లేదట. ఎవరన్నారంటే ఎవరూ అనలేదు. గురవయ్య భార్య మారెమ్మ నన్ను చూసినప్పుడు మాత్రం చెంగు సర్దుకుని పక్కకు తిరిగేది.

2020 జనవరిలో ల్యాబ్ నుంచి అందరి పేరునా ఒక్కో కాగితం వచ్చింది. పంచింది ఆశా వర్కరు మల్లీశ్వరి. బోరింగు దగ్గర నిలబడి ఒక్కొక్కరిదీ చదివి ఇస్తోంది. కురుమయ్య కాగితం కూడా అట్లనే చదివేసింది. చదివాక నాలుక కరుచుకుంది, కానీ అప్పటికే అందరూ విన్నారు.

‘అందిన నమూనాలు: సున్నా. స్థితి: స్వచ్ఛందంగా వైదొలిగారు.’

“అంటే ఏంది?” అన్నది మారెమ్మ.

“అంటే... తన ఇష్టంతోటే ఇడిసి పోయిండని,” అన్నది మల్లీశ్వరి మెల్లగా.

“మనమంటె తప్పు. గిప్పుడు మిషన్ గూడ గదే అంటాంది,” అని మారెమ్మ బిందె ఎత్తుకుంది.

నేను కాగితం తీసుకుని ఇంటికి వచ్చాను. ఇష్టంతో పోయాడన్న మాట కన్నా ఆ సున్నా నన్ను ఎక్కువ కొట్టింది. సున్నా అయితే ఐదుసార్లు ఫోన్‌లో నాతో అబద్ధం ఆడినట్టు. నలభై ఆరేళ్లు కాపురం చేసినవాడు ముడుల లెక్క దగ్గర నాకు అబద్ధం ఆడడు. సారా తాగితే తాగానని చెప్పినవాడు.

పత్రం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఒక రికార్డు గొంతు నా వివరాలు నమోదయ్యాయని చెప్పింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే గొంతు. నాలుగోసారి చేయలేదు. ఒప్పంద పత్రం తీసి పదకొండో అంశం మళ్లీ చదివాను.

పన్నెండు రోజులు పట్టింది. ఒక్కొక్క ఇంటికీ పోయి, ఒక్కొక్కరి పేరునా నా చేత్తోనే రాశాను. ‘పదకొండో అంశం ప్రకారం నా నమూనాలు, నా వివరాలు వెనక్కి ఇవ్వండి.’ కింద వేలిముద్రో సంతకమో. ఎందుకని అడిగినవాళ్లకు ఒకటే చెప్పాను: “వాళ్లు నా మనిషిని సున్నా చేసిండ్రు. మనమందరం సున్నా అయితె అప్పుడన్న లెక్క చూస్తరు.” కొందరు నా బాధ చూడలేక పెట్టారు. కొందరు నేను రోజూ వచ్చి కూర్చుంటానన్న భయంతో పెట్టారు.

చివరికి గురవయ్య ఇల్లు మిగిలింది. మారెమ్మ అప్పుడే సంతకం చేయనని లోపలికి పోయింది.

“నాదెందుకక్కా?” అన్నాడు గురవయ్య.

“సంతకం సంగతి ఇడిసిపెట్టు. ఆ పొద్దు మీ బావ పోయేటప్పుడు ఏమన్నడు?”

“చెప్పిన గదా. సాగర్ పోతున్న అన్నడు.”

“ఇంకేమన్నడు?”

వాడు గొంగడి అంచు పీకుతూ కూర్చున్నాడు. “పోయొస్త అన్నడు.”

“ఇడిసి పోయేటోడు అట్లంటడా తమ్మీ?”

వాడు బొటనవేలు చాపాడు. కాసేపటికి లోపలి నుంచి మారెమ్మ చెయ్యి కూడా వచ్చింది, మనిషి రాలేదు. నలభై రెండు కాగితాలయ్యాయి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం షాద్‌నగర్ బస్సు ఎక్కాను. ల్యాబ్ గేటు దగ్గర అంజన్న అనే వాచ్‌మన్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, హరితకు ఫోన్ చేస్తూ పక్కకు పోయాడు. బల్ల మీద ఆయన రిజిస్టరు ఉంది. వచ్చిన ప్రతి కవరూ అందులో ఎక్కించి ఉంది. అందిన తేదీ, స్టిక్కరు మీది మనిషి నంబరులో చివరి మూడంకెలు, పోస్టాఫీసు పేరు, దాని ముద్రలోని తేదీ.

“ఏం జదువుతున్నవు అవ్వా?” అన్నాడు తిరిగి వచ్చి.

“నీ రాత మంచిగున్నది. పోయిన ఏడుది ఉన్నదా?”

నవ్వి బల్ల సొరుగులో నుంచి పాత రిజిస్టరు తీసి ఇచ్చాడు. నా సంచిలో ఉన్న ఒప్పంద పత్రం మీద కురుమయ్య నంబరు 417తో ముగుస్తుంది. మార్చిలో రెండు చోట్ల 417 దొరికింది. ఏప్రిల్‌లో రెండు. మే మొదటి వారంలో ఒకటి. ఐదు. నా ఒళ్లంతా తేలికైంది. కాగితం తిప్పాను. మే 21 కింద ఇంకొకటి. ‘417. సాగర్ పోస్టు. ముద్ర 18.’

వేలు ఆ గీత మీదే పెట్టి ఉంచాను. సంచి వేసుకుని పోతున్నానని చెప్పినవాడు పోతానన్న చోటికే పోయాడు. ఆరు ముడులది కూడా పోయింది. నాకు చెప్పలేదు, అంతే.

“ఈ పుస్తకం లోపలి కంప్యూటర్ల ఉన్నదా అంజన్నా?”

“నా రాత వాళ్లకెందుకవ్వా? ఇది గేటు లెక్క.”

హరిత పరుగున వచ్చింది. రిజిస్టరు చూపించాను. చూసి ముందు నమ్మలేదు, తర్వాత నన్ను లోపలికి తీసుకుపోయింది. అద్దాల గది అవతల ఒక ఇనుప చెయ్యి గొట్టాల్ని ఒక్కొక్కటిగా ఎత్తుతోంది, దింపుతోంది. హరిత ఫ్రీజరు తెరిచి కింది అర నుంచి ఒక పెట్టె తీసింది. ‘మిషను అంగీకరించనివి’ అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉందట. పెట్టెలో మంచు పట్టిన గొట్టాలు. వాటిలో ఆరింటికి నల్లదారం ఉంది.

“మిషన్ చేతి వేళ్లు మూత కింద పట్టుకుంటయి అవ్వా,” అన్నది. “దారం అడ్డమొచ్చి పట్టు దొరకలే. దొరకకపోతె పక్కకు పెడ్తది. పక్కకు పెట్టినయి లెక్కలకు రావు. వరుసగ నాలుగు రాకపోతె, ఆ మనిషి వైదొలిగిండని కంప్యూటరే రాసుకుంటది.”

“ఎవ్వరూ చూడలేదా?”

“చూసే పని లేకుండనే చేసినం అవ్వా.”

దారం కట్టింది నేనే. ఆయనకు వరుస తప్పొద్దని కట్టిన ముడి ఆయన్నే లెక్కలో నుంచి తప్పించింది. అంతలో హరిత పెద్దసారు శివకృష్ణ వచ్చాడు. అంతా విన్నాడు. మంచి మనిషే. నాకు చాయ్ తెప్పించాడు.

“అమ్మా, పొరపాటు జరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఆ విడత లెక్కలు మూసేశాం. నివేదిక పంపించేశాం. ఇప్పుడు ఒక్క మనిషి కోసం తెరవలేం.”

నేను సంచిలో నుంచి నలభై రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను. పైన ఒప్పంద పత్రం, పదకొండో అంశం దగ్గర మడత.

ఆయన నాలుగైదు తిరగేశాడు. “ఇవన్నీ ఎవరు రాశారు?”

“నేనే రాసిన.”

“మొత్తం ఊరు తీసేస్తే రెండేళ్ల పని పోతుందమ్మా.”

“మీది రెండేండ్ల పనే పోతది సారూ.”

“మీకేం కావాలి?”

“రెండు. ఆ ఆరు గొట్టాలు సదవాలె. ఆ కాయితం మీది మాట మార్చాలె.”

ఆయన హరిత వైపు చూశాడు. హరిత నేల చూసింది. ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. “గొట్టాలు చదివిస్తాను. మాట మార్చడానికి ఇక్కడ మూడే ఉన్నాయి. ‘పూర్తి చేశారు’, ‘వైదొలిగారు’, ‘మరణించారు’. మీరు బాధపడనంటే మూడోది పెడతాను.”

“సచ్చిండని మీరు చూసిండ్రా?”

“లేదు.”

“నేనూ చూడలే. చూడనిది ఎట్ల రాస్తరు?”

“మరి ఏం రాయమంటారు?”

“తిరిగి రాలేదు అని రాయుండ్రి.”

“అట్లాంటి గడి ఇందులో లేదమ్మా.”

“లేకుంటె పెట్టుండ్రి. మనుషులు చేసిన మిషనే గద.”

“ఒక గడి పెంచితే పది ఊళ్ల లెక్కలూ మళ్లీ నడపాలి.”

“నడపుండ్రి. నేను కూసుంట.”

నిజంగానే కూర్చున్నాను. చాయ్ చల్లారింది. బయట బస్సులు పోతున్నాయి. చీకటి పడకముందు ఊరు చేరాలన్న గుబులు నన్ను తినేస్తోంది. అయినా లేవలేదు. నాలుగు గంటలప్పుడు శివకృష్ణ ఎవరికో ఫోన్ చేసి, స్థితి జాబితాలో నాలుగో మాట చేర్చమని చెప్పాడు. అవతలివాళ్లు ఎందుకని అడిగినట్టున్నారు. “ఎందుకంటే అది మనం ముందే పెట్టి ఉండాల్సింది,” అన్నాడు.

హరిత కత్తెర తెచ్చింది. దారం కోయొద్దన్నాను. గొట్టాలు మంచు పెట్టెలో నుంచి ఒక్కొక్కటిగా ఇచ్చింది, ఒక్కొక్కదాని ముడులూ నేనే విప్పాను. వేళ్లు మొద్దుబారాయి. మొత్తం ఇరవై ఒక్క ముడి. దారాలు చెంగున కట్టుకున్నాను. ఇనుప చెయ్యి ఆరింటినీ ఎత్తుకుంది.

మూడు వారాలకు హరిత ఊరికి వచ్చింది. మా ఇంటికి పోదామంటే వద్దన్నాను. గురవయ్య వాకిట్లోనే చెప్పమన్నాను. మారెమ్మ గడపలో కూర్చుంది.

“ఒకే కుండల వండుకుని తిని, ఒకే నీళ్లు తాగి, ఒక్కచోట పండుకునేటోళ్ల పేగులల్ల పురుగులు దగ్గరదగ్గర ఒకటే తీరు ఉంటయి,” అన్నది హరిత. “తాత ఆరో గొట్టం, అదే వారం గురవయ్య మామ పంపిన గొట్టం పక్కపక్కన పెట్టి చూసినం. కలిసినయి. ఐదోది గూడ కలిసింది. నూటికి నూరు అని ఏ మిషనూ చెప్పలేదు గని, ఆ మనిషి ఆఖరిదాక మంద కాడనే తిన్నడు, మంద కాడనే ఉన్నడు అని నేను చెప్పగలుగుత.”

గురవయ్య తల దించుకున్నాడు.

“అంబలి ఇద్దరం ఒక్క గిన్నెలనే తాగుతుంటిమి,” అన్నాడు. “ఎవలన్న అడిగితే చెప్తుంటి.”

“నిన్ను ఎవలు అడగలే. మిషన్‌ను అడిగిండ్రు,” అన్నాను నేను.

మారెమ్మ అడిగింది. “మరి ఏడికి పోయిండు వదినా?”

ఎనిమిది నెలల తర్వాత నన్ను వదినా అన్నది.

“నాకు తెల్వదు. మిషనుకూ తెల్వదు. తెల్వదనే రాయమన్న.”

ఆ తర్వాత కరోనా వచ్చింది, ల్యాబ్ మూతపడింది, మళ్లీ తెరుచుకుంది. నాలుగో మాట జాబితాలో అట్లనే ఉన్నదని హరిత చెప్పింది. వేరే ఊళ్లలో ముగ్గురి పేర్ల ఎదుట దాన్ని వాడారట. ఆ ముగ్గురి ఇళ్లలో ఎవరున్నారో నాకు తెలియదు. గేటు రిజిస్టరు కూడా ఇప్పుడు కంప్యూటరులో కలుపుతున్నారట, అంజన్న రాతను చూసి ఎక్కించడానికి ఒక మనిషిని పెట్టారట. నలభై రెండు కాగితాలు నాకు వెనక్కి వచ్చాయి. చింపలేదు.

కొత్త కాగితం గోడకు అతికించాను. పక్కనే మేకుకు నల్లదారాలు వేలాడదీశాను. ఇంటికి ఎవరు వచ్చినా చదవమంటాను, చదవడం రాని వాళ్లకు నేనే చదువుతాను. ‘కురుమయ్య, బోడగుట్టపల్లి. అందిన నమూనాలు: ఆరు. స్థితి: తిరిగి రాలేదు.’

దాంట్లో తేదీ లేదు. అది నేను పెన్నుతో కింద రాశాను. నా మనిషి కురుమయ్య 2019 మే 18, శనివారం నాడు ఆరో గొట్టం సాగర్ పోస్టులో వేశాడు. ఆ రోజు తర్వాత తిరిగి రాలేదు.